మనసు పడ్డ బండి కొనాలా, వద్దా?

కారు మీద మనసు పడ్డవాళ్లు ముందుగా చేసే పని, ఆ ఇష్టాన్ని ఏదో ఒక అవసరం కింద దాచిపెట్టడం. "హైవే మీద లారీని దాటాలంటే పికప్ ఉండాలి కదా" అంటారు. "టర్బో ఇంజిన్ మైలేజీ కూడా బాగానే ఇస్తుందట" అంటారు. "నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు, అంతా పిల్లల సేఫ్టీ కోసమే" అంటారు. వీటిలో అబద్ధమేమీ లేదు. కానీ స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్‌ను ఈ కారణాల కోసం కొన్నవాళ్లు నాకు ఒక్కరూ తగల్లేదు. ఎర్ర దారంతో కుట్టిన స్టీరింగ్ అరచేతికి తగిలినప్పుడు, రెండో గేరులో కాలు కాస్త నొక్కగానే బండి ఉరికినప్పుడు కలిగే సంబరం కోసమే కొంటారు.

ఆ మాట మీతో మీరు ఒప్పుకోవడం ఈ అధ్యాయంలో మొదటి పని. ఇష్టం అని ఒప్పుకుంటే దానికి ఎంత ఖర్చు పెట్టవచ్చో ఆలోచిస్తాం. అవసరం అని పేరు పెట్టామంటే ఇక ఆలోచన సాగదు, "అవసరమైనప్పుడు తప్పుతుందా" అని మనసు సర్దిచెప్పేస్తుంది. మన మధ్యతరగతి ఇళ్లలో పిల్లల చదువుకో పెళ్లికో లక్షలు పోస్తే ఎవరూ అడగరు, సరదాకు పది వేలు పెడితే సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకే సరదాలన్నిటికీ అవసరమనే ముసుగు వేయడం అలవాటైపోయింది. బండి విషయంలో ఆ ముసుగు చాలా ఖరీదైనది. సరదా అని తెలిసి కొన్నవాడు ఎక్కడ ఆగాలో చూసుకుంటాడు. అవసరమనుకుని కొన్నవాడు సన్‌రూఫ్ ఉన్న టాప్ వేరియంట్ దాకా వెళ్లి గానీ ఆగడు.

అసలు మామూలు బండికీ దీనికీ తేడా ఎంతో చూద్దాం. టాటా ఆల్ట్రోజ్ మామూలు 1.2 లీటర్ పెట్రోల్ ఇంజిన్ 88 పీఎస్ పవర్, 115 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చేది. 2024 జూన్‌లో వచ్చిన ఆల్ట్రోజ్ రేసర్‌లోనూ 1.2 లీటర్ ఇంజినే. దానికి టర్బో తగిలించి, ఆరు గేర్లు పెట్టి 120 పీఎస్, 170 న్యూటన్ మీటర్లు రాబట్టారు. హ్యుందాయ్ ఐ20దీ ఇదే కథ. మామూలు 1.2 ఇంజిన్ 83 పీఎస్ దగ్గర ఉంటే, 2021లో వచ్చిన ఎన్ లైన్‌లో ఒక లీటరు కూడా నిండని మూడు సిలిండర్ల టర్బో ఇంజిన్ 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. బ్రోషర్‌లో పెద్ద అక్షరాలతో వేసేది పవర్ అంకె. మీరు చూడాల్సింది టార్క్, అది ఏ ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుందన్న సంగతి. ఇంజిన్ వదిలే పొగ వేగంతోనే టర్బోలోని చక్రం తిరుగుతుంది. అది తిరిగితే గాలి ఎక్కువగా లోపలికి వెళ్లి బలం పుడుతుంది. ఎన్ లైన్‌లో ఆ బలమంతా 1500 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. అంతకు దిగువన ఇంజిన్ నీరసంగానే ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే టెస్ట్ డ్రైవ్‌లో ఏం చూడాలో సగం తెలిసినట్టే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ బండి సుఖం గరిష్ఠ వేగంలో లేదు. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ 158 కిలోమీటర్లు. 2023 నుంచి లోపలి లేన్లలో గంటకు 120 కిలోమీటర్ల దాకా వెళ్లనిస్తున్నారు. 88 పీఎస్ బండి కూడా ఆ వేగాన్ని సులువుగా అందుకుంటుంది. అక్కడ మీ పక్క లేన్‌లో పోయే మామూలు ఆల్ట్రోజ్‌కూ మీ రేసర్‌కూ ఏ తేడా ఉండదు. తేడా అంతా 30 నుంచి 70 మధ్యన ఉంటుంది. మలుపు తిరిగి బయటికి వచ్చేటప్పుడు, ఆటోను దాటి ఖాళీలోకి దూరేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. కాబట్టి మీ వారంలో అలాంటి క్షణాలు ఎన్ని వస్తాయన్నదే అసలు ప్రశ్న.

దీన్ని ఊహించుకుంటూ కూర్చుంటే తేలదు. మీరు నిజంగా తిరిగే దారులు రాసుకోండి. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి పొద్దున తొమ్మిదింటికి వెళ్లే ఉద్యోగి రోజూ గంటన్నర ఒకటో గేరుకూ రెండో గేరుకూ మధ్యనే గడుపుతాడు. అతని వారంలో ఈ బండి బతికేది ఆదివారం తెల్లవారుజామున గండిపేట వైపు వెళ్లి వచ్చే కాసేపు మాత్రమే. విశాఖలో ఉంటూ నెలకోసారి శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్లేవాళ్ల లెక్క వేరు. కర్నూలులో ఇల్లు, అనంతపురంలో ఉద్యోగం ఉన్నవాళ్లకు రోజంతా తిన్నని హైవే. వాళ్లకు కావలసింది మంచి సీటు, నిలకడైన బ్రేకులు, ఇంధనం తక్కువ తాగే ఇంజిన్. మామూలు బండి వాళ్లకు బాగా సరిపోతుంది. శ్రీశైలం దారి గురించి చాలామంది ముచ్చటపడతారు. దోమలపెంట దాటాక కృష్ణ దగ్గరికి దిగే మలుపుల్లో ఇలాంటి బండి నిజంగానే హాయిగా ఉంటుంది. అయితే మన్ననూరు నుంచి అక్కడి దాకా అమ్రాబాద్ పులుల అడవి. జింకలు రోడ్డు మీదికి వస్తాయి. అక్కడ నెమ్మదిగానే పోవాలి, రాత్రిపూట గేటు మూసేస్తారు. తిరుమల ఘాట్‌లో ఇన్ని నిమిషాలకన్నా ముందు చేరకూడదన్న నియమమే ఉంది.

ఆ దారుల పట్టికలో మీ బండి ఊపిరి తీసుకునే చోట్లు నెలకు నాలుగైనా ఉంటే ముందుకు వెళ్లండి. ఒక్కటీ లేకపోతే, మీరు కొనబోయేది బండి మీద ఉన్న స్టిక్కర్‌నూ పొగగొట్టం చప్పుడునూ. వాటికోసం కూడా కొనొచ్చు, తప్పులేదు. ధర మాత్రం వాటికి తగ్గట్టు ఒప్పుకోవాలి.

ఇక డబ్బు. కాగితం మధ్యన గీత గీయండి. ఎడమవైపు, మీ ఇంటికి నిజంగా కావలసిన మామూలు హ్యాచ్‌బ్యాక్ ఆన్‌రోడ్ ధర. సేఫ్టీ సామాన్లు రెండింటికీ సమానంగా ఉండేట్టు చూసుకోండి, లేకపోతే పోలిక చెడుతుంది. కుడివైపు, మనసు పడ్డ బండి ఆన్‌రోడ్ ధరలోంచి ఎడమవైపు అంకె తీసేయగా మిగిలింది. ఉదాహరణకు మామూలుది 10 లక్షలు, ఇది 13 లక్షలు అనుకుందాం. తేడా 3 లక్షలు. ఇక్కడితో ఆగొద్దు. టర్బో బండిని ఉత్సాహంగా నడిపితే పట్నంలో లీటరుకు 11 కిలోమీటర్లు, మామూలుది 14 ఇస్తుందనుకుంటే, నెలకు వెయ్యి కిలోమీటర్లకు దాదాపు 20 లీటర్లు ఎక్కువ. లీటరు 107 రూపాయల లెక్కన నెలకు రెండు వేల పైచిలుకు. అయిదేళ్లకు లక్షా 20 వేలు కలిపితే 4 లక్షల 20 వేలు, అంటే నెలకు 7 వేలు. బండి అమ్మినప్పుడు ఇందులో కొంత తిరిగి రావచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఇప్పుడు ప్రశ్న చాలా సూటిగా మీ ముందుంటుంది: ఈ సంబరానికి నెలనెలా 7 వేలు ఇవ్వడం నాకు సమ్మతమేనా? 13 లక్షల బండి కొనాలా అని అడిగితే ఎవరికైనా తల తిరుగుతుంది. నెలకు 7 వేల సరదా నా తాహతులో ఉందా అంటే ఎవరి జవాబు వాళ్లకు తెలుస్తుంది.

10 లక్షల ఎక్స్‌షోరూమ్ గీత దగ్గర ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్‌లు సరిగ్గా ఆ గీతకు అటూ ఇటూ ఉంటాయి. రేసర్ విడుదలైనప్పుడు 9.49 లక్షల నుంచి 10.99 లక్షల దాకా ఉండేది, 2023లో మార్పులు చేసుకుని వచ్చిన ఎన్ లైన్ 9.99 లక్షల దగ్గర మొదలైంది. గీత దాటితే ధర మీద ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. అది ఐటీ రిటర్న్‌లో చూపించి వెనక్కి తెచ్చుకోవచ్చు. లైఫ్ ట్యాక్స్ అలా తిరిగి రాదు. తెలంగాణలో 10 లక్షలు దాటిన బండి పై శ్లాబులోకి వెళ్తుంది, ఆ రేటు మొత్తం ధర మీద పడుతుంది. పై వేరియంట్‌లో దొరికే సన్‌రూఫ్ కన్నా దానివల్ల పెరిగే పన్ను ఎక్కువైన సందర్భాలు ఉంటాయి, కొటేషన్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న బండ్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. పాత ధరలు మనసులో పెట్టుకుని షోరూమ్‌కు వెళ్లకండి.

అప్పు విషయంలో నా అభిప్రాయం గట్టిది. 10 లక్షలు 9 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 20,758 రూపాయలు, వడ్డీ మొత్తం రెండు లక్షల 45 వేలు. ఏడేళ్లకు పెడితే ఈఎంఐ 16,089కి దిగుతుంది, వడ్డీ మూడున్నర లక్షలు దాటుతుంది. షోరూమ్‌లో ఏడేళ్ల అంకెనే ముందు చూపిస్తారు. ఆ అప్పులో మూడేళ్లు కట్టాక కూడా ఇంకా ఆరు లక్షల 46 వేలు అసలు మిగిలే ఉంటుంది. మూడేళ్లకే మనసు మారినా, ఉద్యోగం మారి ఊరు వదలాల్సి వచ్చినా బండి అమ్మిన డబ్బులో చాలా భాగం బ్యాంకుకే పోతుంది. అయిదేళ్ల ఈఎంఐ భారమనిపిస్తే ఆ బండి మీకు ఇప్పటికి భారమే. సరదా కోసం చేసే అప్పు సరదా తీరేలోపే తీరిపోవాలి.

ఇప్పుడు టెస్ట్ డ్రైవ్. దీనికి ఒక పూట కేటాయించండి. షోరూమ్ దగ్గర ఖాళీ రోడ్డు మీద సేల్స్ కుర్రాడు "సార్, ఒక్కసారి ఫుల్లుగా నొక్కి చూడండి" అంటాడు. నొక్కితే ఏ టర్బో బండైనా బాగుంటుంది. బండిని మీ ఇంటికే తెప్పించుకోండి, మీరు రోజూ వెళ్లే దారిలోనే నడపండి. స్పీడ్ బ్రేకర్ దాటి రెండో గేరులో గంటకు 15 కిలోమీటర్ల దగ్గర, ఆర్‌పీఎం వెయ్యి దాటి కొద్దిగా ఉన్నప్పుడు, కాలు మెల్లగా నొక్కి చూడండి. మీరు రోజూ పదుల సార్లు చేసే పని ఇదే. అక్కడ బండి ఒక క్షణం ఆలోచించి, తర్వాత ఒక్కసారిగా లాగితే ట్రాఫిక్‌లో ముందున్న బైకుకు తగలకుండా నడపడానికి మీ కాలు కొత్తగా అలవాటు పడాలి. పడుతుంది కూడా, కొన్నాళ్లు పడుతుంది. క్లచ్ ఎంత బరువుగా ఉందో ఎడమ మోకాలిని అడగండి. ఫ్లైఓవర్ ఎక్కే చోట బండి ఆపి, వెనక్కి జారకుండా కదిలించి చూడండి.

డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్ తీసుకుందామనుకుంటే ఇంకో పరీక్ష ఉంది. ఎన్ లైన్ లాంటి బండ్లలో డ్రై క్లచ్ రకం డ్యూయల్ క్లచ్ వస్తుంది. గేర్లు మెరుపులా మారతాయి, అందులో సందేహం లేదు. కానీ అడుగు అడుగూ జరిగే ట్రాఫిక్‌లో క్లచ్ సగం పట్టి సగం వదులుతూ రాపిడికి వేడెక్కుతుంది. సాయంత్రం ఆరింటికి, మీ దారిలో బాగా ఇరుక్కునే సిగ్నల్ దగ్గరికి తీసుకెళ్లి అరగంట అక్కడే గడపండి. కుదుపులు ఎలా ఉన్నాయో, వాలులో బ్రేకు వదిలితే బండి ఎలా పాకుతుందో చూడండి. రోజూ రెండు గంటలు అలాంటి ట్రాఫిక్‌లో ఉండేవాళ్లకు, నడపడంలో ఆనందం కోసమే కొంటున్నారు గనక, నేను మాన్యువల్ గేరే చెబుతాను. ఎడమకాలు నొప్పి అనిపిస్తే ఈ తరగతి బండి జోలికే పోకుండా మామూలు ఆటోమేటిక్ తీసుకోవడం మేలు.

ఆ తర్వాత ఇంట్లోవాళ్లను ఎక్కించండి. నలుగురితో, నెమ్మదిగా, వానలకు లేచిపోయిన రోడ్డు మీద. స్పోర్టీ బండి సస్పెన్షన్ బిగువుగా ఉంటుంది, మలుపుల్లో బండి ఒరగకుండా ఉండటానికే అలా చేస్తారు. ముందు సీటులో ఆ బిగువు హుషారుగా ఉంటుంది, వెనక సీటులో నడుముకు తగులుతుంది. మీరు వెనక కూర్చుని, ఇంట్లో ఇంకొకరిని నడపమనండి. గుంతలో చక్రం పడ్డప్పుడు ఎలా ఉందో మీ వెన్నుకు తెలియాలి. టైరు పక్క గోడ ఎత్తు కూడా వంగి చూడండి. పెద్ద అల్లాయ్, సన్నని టైరు చూడటానికి అందంగా ఉంటాయి. మూతలేని మ్యాన్‌హోల్ అంచు తగిలితే మాత్రం టైరు పక్క ఉబ్బుతుంది, అల్లాయ్ వంగుతుంది. మీ కాలనీ రోడ్డు ఎలాంటిదో మీకే తెలుసు.

సరిగ్గా ఈ దశలో ఇంట్లో మాట మొదలవుతుంది. "ఏరా, అంత డబ్బు పోసి ఇంత పొట్టి బండేంట్రా? ఇంకో లక్ష వేస్తే ఎత్తు బండే వచ్చేది కదా" అని నాన్న అంటారు. అమ్మ ఇంకోలా అంటుంది: "నాకు ఎక్కడం దిగడం తేలిగ్గా ఉంటే చాలు నాయనా, ఇందులోంచి లేవాలంటే మోకాళ్లు పట్టేస్తున్నాయి." ఈ రెండు మాటలకూ ఒకే జవాబు చెప్పకండి. నాన్న మాటలో ఉన్నది నలుగురి కళ్లకు పెద్దగా కనిపించే బండి కావాలన్న కోరిక. అదీ కోరికే, మీది కూడా కోరికే. అక్కడ మీ కాగితం చూపించి, కుడివైపు డబ్బు ఇంటి ఖర్చులోంచి కాకుండా మీ సొంత ఖర్చులోంచి వెళ్తుందని చెబితే ఒప్పుకుంటారు. అమ్మ చెప్పింది అవసరం. అమ్మ వారానికోసారి ఆసుపత్రికి ఈ బండిలోనే వెళ్లాల్సి ఉంటే, ఎత్తు బండి కొనడమే న్యాయం. ఇంట్లో ఒకే కారు ఉంటే ఆ కారు మోకాళ్ల నొప్పులున్న మనిషిదే.

భార్యాభర్తల మధ్య అయితే ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఈ బండిని ఇద్దరూ నడుపుతారా? "మీరు లేనప్పుడు నేను పిల్లల్ని స్కూల్లో దింపాలంటే ఈ క్లచ్‌తో నావల్ల కాదండీ" అని ఆమె అంటే, ఆ మాట బండి కొనకముందే బయటికి రావడం అదృష్టం. ఆమెకు మీకన్నా ఎక్కువ మనసుపడే అవకాశమూ ఉంది, అందుకే ముందు తాళం ఆమె చేతికివ్వండి.

"ఇప్పుడు కొనకపోతే మళ్లీ దొరకదు" అన్న ఒత్తిడి గురించి చెప్పాలి, ఎందుకంటే అందులో కొంత నిజముంది. మన దేశంలో ఇలాంటి బండ్లకు ఆయుష్షు తక్కువ. 2015లో వచ్చిన అబార్త్ పుంటో 145 హార్స్‌పవర్‌తో, పది లక్షల లోపు ధరకు కుర్రకారును ఊపేసింది. దాని కంపెనీ ఫియట్ తర్వాత కొన్నేళ్లకే ఇక్కడ కార్లు అమ్మడం మానేసింది. 2017లో వచ్చిన బాలెనో ఆర్‌ఎస్ 2020 నాటికి లేదు. 2018లో టాటా తెచ్చిన టియాగో జేటీపీదీ అదే గతి. ఇప్పటికీ అభిమానులు తలుచుకునే పోలో జీటీ టీఎస్‌ఐ 2013లో వచ్చింది, 2022లో పోలో తయారీయే ఆగిపోయింది. 2025లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ తెచ్చినా, దిగుమతి చేసుకున్న 150 బండ్లు, ఒక్కోటి 53 లక్షలకు దగ్గరగా. అది మన చర్చలోకి రాదు. జనం అదే డబ్బుకు ఎత్తు బండి ఎంచుకుంటారు, అమ్మకాలు పడిపోగానే కంపెనీ ఆపేస్తుంది.

దీన్నిబట్టి తొందరపడమని నేను చెప్పను. ఆగిపోయే మోడల్ అని తెలిస్తే స్పేర్ పార్టుల సంగతి ముందే చూసుకోవాలి. మామూలు మోడల్‌తో పంచుకునే భాగాలు ఏళ్ల తరబడి దొరుకుతాయి. ఆ స్పోర్టీ వేరియంట్‌కే ప్రత్యేకమైన బంపర్, టర్బో, సస్పెన్షన్ భాగాలకే ఇబ్బంది. మోడల్ ఆగిపోతోందని డిస్కౌంట్ ఇస్తుంటే, ఆ డిస్కౌంట్ రేపు మీరు అమ్మేటప్పుడు తగ్గే ధరకు ముందుగా ఇస్తున్న పరిహారం అనుకోండి. ఎనిమిదేళ్లు ఉంచుకునేవాళ్లకు అది లాభం. మూడేళ్లకోసారి బండి మార్చే అలవాటున్నవాళ్లు దూరంగా ఉండటం మంచిది.

చవకైన మోడల్ కొని బయట ఈసీయూ రీమ్యాప్ చేయించి పవర్ పెంచుకుందామనే ఆలోచన కొందరికి వస్తుంది. వారంటీ పోతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా మార్చిన బండికి రిజిస్ట్రేషన్ కుదరదని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. ఆ దారి వద్దు.

అన్నీ చూసుకున్నాక కూడా మనసు అటూ ఇటూ ఊగుతుంటే ఒక పని చేయండి. ఈఎంఐ, పెట్రోల్ తేడా, నెలకు పడే ఇన్సూరెన్స్ వాటా కలిపి ఎంతవుతుందో అంత మొత్తానికి ఆరు నెలల ఆర్డీ తెరవండి. ఆరు నెలలూ ఆ డబ్బు లేనట్టే బతకండి. మధ్యలో రెండుసార్లు కట్టలేక ఆగిపోతే మీ జేబు జవాబు చెప్పేసినట్టే. హాయిగా కట్టేసి, ఇంకా రోజూ ఆ బండి ఫొటోలు చూస్తుంటే, చేతిలో డౌన్ పేమెంట్‌కు సాయం దొరికినట్టు. చాలామందికి నాలుగో నెలలో ఇంకో మోడల్ నచ్చుతుంది. అప్పుడు కొననందుకు బాధ ఉండదు.

కొనాలనే తేల్చుకుంటే, ఇన్సూరెన్స్ షోరూమ్‌లోనే చేయించాలన్న నియమం ఏదీ లేదు, బయట కూడా కొటేషన్ అడగండి. పాత కారు అమ్ముతుంటే దాని మీద సంపాదించిన నో క్లెయిమ్ బోనస్‌ను కొత్త బండికి తెచ్చుకోవచ్చు. అయిదేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది. బిల్లులో 'హ్యాండ్లింగ్' పేరుతో ఏదైనా కనిపిస్తే అదేమిటో అడిగి తీసేయించండి. రిజిస్ట్రేషన్‌కు ముందే, పగటి వెలుతురులో, యార్డుకు వెళ్లి మీ బండిని చూడండి. తయారైన నెల ఏదో ఛాసిస్ నంబర్ ప్లేటు దగ్గర చూడండి. టైరు మీద నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండు వారాన్నీ, చివరి రెండు సంవత్సరాన్నీ చెబుతాయి. మీటర్ మీద కిలోమీటర్లు రెండంకెలు దాటి ఉంటే కారణం అడగండి, అది టెస్ట్ డ్రైవ్‌కు తిప్పిన బండి కావచ్చు. నంబర్ పడకముందు వద్దనడం తేలిక, పడ్డాక వాదనే మిగులుతుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజిన్‌ను గట్టిగా అరిపించకుండా, ఒకే వేగంతో గంటల తరబడి పోకుండా నడపండి. శ్రీశైలం ప్రయాణం మొదటి సర్వీసు అయ్యాక పెట్టుకోండి.